కుంగని బండి

మధ్యాహ్నం ఒంటి గంటా నలభై. సాయంత్రం ఐదింటికి మెకానిక్కును మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ప్రమాదమైన బళ్లను పరీక్షించే సర్వేయర్ రాసిన రిపోర్టు ఆలోపు మారకపోతే రిమాండు తప్పదు. మనిషి ప్రాణం పోవడానికి కారణమైన నిర్లక్ష్యం అని రాసి ఉంది అందులో. ఆ ముక్క ఒకసారి అంటుకుందంటే తర్వాత బెయిలొచ్చినా, కేసే కొట్టేసినా ఒకటే. ఆ షెడ్డు ముందు ఇంకెవడూ బండి ఆపడు.

పోలీసు యార్డు గేటు ముందు ప్రైవేటు డిటెక్టివ్ తన పికప్ ఆపాడు. పంతొమ్మిదేళ్ల బండి. దిగి, అలవాటు కొద్దీ చుట్టూ తిరిగి టైర్లను మడమతో తట్టి చూశాడు. పక్క సీట్లోంచి దిగిన మెకానిక్ భార్య కూడా వాటినే చూసింది.

"ముందు ఎడమదానికి గాలి తగ్గింది అన్నయ్యా."

"రెండు పౌండ్లు. పొద్దున చూశాను."

"చూసి అలాగే బయల్దేరారా?"

"నువ్వు ఫోన్లో ఏడుస్తున్నావు. పంపు వెతికే టైమెక్కడిది?"

"నేను ఏడవలేదు. తిట్టాను."

నిజమే. పొద్దున ఫోన్ చేసి ముందు పోలీసులను, తర్వాత సర్వేయర్ను, ఆ తర్వాత టైల్స్ దుకాణం ఓనర్ను వరసగా తిట్టి, చివర్లో మీరు వస్తారా రారా అని అడిగింది. పద్నాలుగేళ్లుగా భర్త పక్కన నిలబడి స్పానర్ పట్టిన మనిషి. ఇవాళ ఆయన ఖాకీ చొక్కా పైన తొడుక్కుని వచ్చింది. జేబులో గాలి కొలిచే గేజీ, చిన్న టార్చీ అలాగే ఉన్నాయి.

జరిగింది ఇంతే. నిన్న పొద్దున ఆరూ యాభైకి టైల్స్ లోడుతో కొండ దిగుతున్న ఆ దుకాణం ఓనర్ పికప్ రెండో మలుపు దగ్గర ఆగలేదు. రాతిగోడను గుద్దింది. డ్రైవర్ అక్కడే పోయాడు. మూడు వారాల కిందట ఆ బండికి బ్రేకులు చేసింది మెకానిక్. ముందు బ్రేకులు కాలి బూడిద రంగుకు తిరిగాయి. వెనుక బ్రేకు షూలు మాత్రం కొత్తవాటిలా, అరగకుండా ఉన్నాయి. వెనుక బ్రేకు ఆయిల్ గొట్టంలో గాలి ఉండగానే పంపాడు కాబట్టే వెనుక బ్రేకులు పట్టలేదు, చంపింది మెకానిక్కే అని సర్వేయర్ తేల్చేశాడు.

"మా ఆయన బ్రేకులు చేస్తే ఊరికే పంపడు," అంది ఆమె గేటు దాటుతూ. "ఇసుక బస్తాలు ఎక్కించి, షెడ్డు వెనుక కంకర బాట మీద తోలి, గట్టిగా తొక్కుతాడు. కంకర మీద చక్రానికొకటి చొప్పున నాలుగు గీతలు పడాలి. మూడు పడితే బండి మళ్లీ లోపలికే. ఆ రోజు నాలుగు గీతలూ నేనే చూశాను."

"చూశావు. కానీ నువ్వు ఆయన భార్యవి."

"అయితే నా కళ్లు పనిచెయ్యవా?"

"కోర్టులో చెయ్యవు. అందుకే పట్టీల సంగతి ముందు చూద్దాం."

ఆ సంగతి దారిలోనే చెప్పింది ఆమె. బండి వెనుక ఇరుసు మీద ఉక్కు కమాన్ పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి, బరువు మోయడానికి. ఈ బండికి కంపెనీ వేసినవి ఐదు. ఇంకో రెండు వెయ్యమని టైల్స్ ఓనర్ రెండు నెలలు వెంటపడ్డాడు. మెకానిక్ వెయ్యనన్నాడు. ఇంకెక్కడో వేయించుకునే ఉంటాడని ఆమె అనుమానం. బండి కింద ఏడు పట్టీలు కనిపిస్తే చాలు, రిపోర్టు చిరిగిపోతుంది.

యార్డులో నుజ్జయిన పికప్ పక్కన సర్వేయర్ ముందే నిలబడి ఉన్నాడు. మడత నలగని తెల్లచొక్కా, మెరిసే బూట్లు. ఇద్దరికీ పాత పరిచయం. ఆరేళ్ల కిందట ఒక బస్సు కేసులో ఎదురెదురు నిలబడ్డారు. డిటెక్టివ్ ఓడిపోయాడు. బస్సు డ్రైవర్ మూడేళ్లు లోపలున్నాడు. తప్పు వాడిది కాదని తర్వాత తేలింది. సర్వేయర్ ఎవరికీ క్షమాపణ చెప్పలేదు. మధ్యలో ఒక ప్రమోషన్ మాత్రం తీసుకున్నాడు.

"రండి మాస్టారూ. మీరు ఈ పని మానేశారని ఎవరో చెప్పారే."

"నీ రిపోర్టు చదివాక మళ్లీ మొదలుపెట్టాను."

"ఎలా ఉంది?"

"టైపు బాగా కొట్టించావు. బండి కిందికి దూరావా?"

"చక్రాలు విప్పించి చూశాను. కిందికి దూరాల్సిన అవసరం రాలేదు."

"వెనుక పట్టీలు లెక్కపెట్టావా?"

"బ్రేకులు ఫెయిలైతే పట్టీలు లెక్కపెట్టడమేంటండీ?" సర్వేయర్ నవ్వాడు. "కాలు విరిగితే పళ్లు చూస్తారా?"

మెకానిక్ భార్య టార్చి తీసి వెనుక ఇరుసు మీద వెలుగు వేసింది. ఇరుసు నుంచి పైకి పోయే సన్నటి కడ్డీ ఒకటి కనిపించింది.

"ఇది చూశారా సార్? ఎన్నేళ్లయింది మీరీ ఉద్యోగంలో చేరి?"

"ఇరవై రెండు."

"ఇరవై రెండేళ్లు. సరే వినండి. బరువెక్కితే బండి వెనుక భాగం కుంగుతుంది. కుంగితే ఈ కడ్డీ లేస్తుంది. అది లేస్తే పైనున్న వాల్వు తెరుచుకుని వెనుక బ్రేకులకు ఆయిల్ బాగా వదుల్తుంది. బండి ఖాళీగా ఉంటే కుంగదు, కడ్డీ లేవదు, వెనక్కి ఆయిల్ కొంచెమే పోతుంది. ఖాళీ బండికి వెనుక చక్రాలు గట్టిగా పట్టేస్తే జారిపోతుంది కాబట్టి కంపెనీవాడే అలా పెట్టాడు. ఇప్పుడు రెండు పట్టీలు ఎక్కువ వేశారనుకోండి. ఎంత బరువేసినా బండి కుంగదు. వాల్వు మాత్రం బండి ఖాళీ అనుకుంటుంది. వెనక్కి ఆయిల్ వదలదు. మొత్తం ముందు బ్రేకులే మోయాలి. దిగుడులో పది నిమిషాలు మోస్తే అవి కాలిపోతాయి. అప్పుడు పెడల్ తొక్కితే దూదిమూటలో కాలు పెట్టినట్టే. మీరు చూసిన కాలిన ముందు బ్రేకులు, అరగని వెనుక షూలు, రెండూ అందుకే. మా ఆయన పట్టీలు వెయ్యనన్నది కూడా అందుకే."

సర్వేయర్ చూపు కడ్డీ వెంట వాల్వు దాకా పోయి వచ్చింది. అతనికి ఇది తెలియదని డిటెక్టివ్‌కు అర్థమైంది. తెలియదని ఒప్పుకోడనీ అర్థమైంది.

"కథ బాగుంది. ఏవీ ఆ పట్టీలు?"

డిటెక్టివ్ చొక్కా చేతులు మడిచి నేల మీద వెల్లకిలా పడుకుని కిందికి జరిగాడు. ఆమె వెలుగు చూపించింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు. అంతే. రెండో వైపూ ఐదే.

బయట సర్వేయర్ గొంతు వినిపించింది. "ఐదేనా? నేనూ ఇప్పుడే వంగి చూశాను లెండి. కంపెనీ ఐదు వేసింది, ఐదు ఉన్నాయి. అమ్మా, మీ ఆయన చేసిన పనికి ఇంకెవరి నెత్తినో రాయి వెయ్యాలని చూడకండి. పాపం ఆ డ్రైవర్‌కీ పెళ్లాం ఉంది."

టార్చి వెలుగు పట్టీల మీంచి నేల మీదికి జారింది. ఇందాక అన్ని మాటలన్న మనిషి నోరు మూసుకునేసరికి డిటెక్టివ్‌కు కోపం నషాళానికి అంటింది. కానీ బయటికి రాలేదు. కింద అలాగే పడుకున్నాడు.

పట్టీల కట్టను ఇరుసుకు బిగించి పట్టుకునే యూ బోల్టులు ఎదురుగా ఉన్నాయి. నట్టు దాటి మర ఎంత మిగిలిందో వేలితో తడిమాడు. మామూలుగా అరవేలు మిగలాలి. ఇక్కడ మూడు వేళ్లు మిగిలి ఉంది. చివర అంతా బురద, తుప్పు. మధ్యలో ఒక నట్టు వెడల్పు మేర మాత్రం మర తళతళలాడుతోంది. అంటే మొన్నటి దాకా నట్టు అక్కడ ఉంది. కట్ట అప్పుడు లావుగా ఉంది. ఎవరో కట్టలోంచి ఏదో తీసేసి, నట్టును పైదాకా బిగించారు.

"అమ్మా, రిపోర్టులో ఫోటోలున్న కాగితం ఇలా ఇవ్వు."

ఆమె అందించింది. నిన్న పొద్దున ఏడూ ఇరవై ఐదుకు ప్రమాదం జరిగిన చోట సర్వేయర్ స్వయంగా తీసిన ఫోటో. టైల్స్ అన్నీ రోడ్డు మీద పడి ఉన్నాయి. బండి ఖాళీ. డిటెక్టివ్ బయటికి వచ్చి, మట్టి దులుపుకోకుండానే వెనుక చక్రం దగ్గర కూర్చున్నాడు.

"ఇలా రా. నీ ఫోటోయే. టైరుకూ బాడీకీ మధ్య సందు ఎంతుంది?"

"ఎంతుంటే ఏంటి?"

"పక్కనున్న వెనుక లైటుతో పోల్చి చెప్పు. కొలబద్ద అక్కర్లేదు."

సర్వేయర్ అయిష్టంగా వంగి చూశాడు. "లైటు ఎత్తంత ఉంది."

"ఇప్పుడు బండి చూసి చెప్పు."

అతను చూశాడు. లైటులో సగం కూడా లేదు సందు.

"నిన్న ఏడూ ఇరవై ఐదుకు ఖాళీ బండి. ఇవాళా ఖాళీ బండే. ఒక్క రోజులో నాలుగు వేళ్లు ఎలా దిగింది? యార్డులో నిలబడి బెంగతో కుంగిపోయిందా?"

"టైర్లలో గాలి దిగి ఉంటుంది."

అతను మాట పూర్తి చేసేలోపే మెకానిక్ భార్య గేజీ తీసింది. ఒక వైపు, రెండో వైపు. "యాభై రెండు. యాభై రెండు. ఇంకేమన్నా దిగి ఉంటుందా సార్? చెప్పండి, కొలుస్తాను."

"పడుకో," అన్నాడు డిటెక్టివ్.

"ఏంటి?"

"కింద పడుకుని ఆ యూ బోల్టులు చూడు. ఇరవై రెండేళ్లలో ఒక్కసారన్నా చూడు. ఒక మనిషిని నీ కాగితంతో లోపలేశావు. దాని కోసం చొక్కా మాపుకోలేవా?"

ఆమె ఒక అట్టముక్క తెచ్చి నేల మీద పరిచింది. అది మర్యాదలా లేదు. సర్వేయర్ అటూ ఇటూ చూసి పడుకున్నాడు. రెండు నిమిషాల తర్వాత భుజం మీద గ్రీజు మరకతో బయటికి వచ్చాడు. మొహంలో నవ్వు లేదు.

"మర మెరుస్తోంది. ఒప్పుకుంటాను. కానీ పట్టీలు లేవు. మెరుపు చూసి రిపోర్టు మార్చను మాస్టారూ. పట్టీలు తెండి."

"ఐదింటికి మనిషి లోపలికి పోతాడు."

"నేను పంపడం లేదు. కాగితం పంపుతోంది."

"కాగితానికి చేతులున్నాయా రాసుకోవడానికి?"

సర్వేయర్ వెళ్లి కారెక్కాడు. గ్రీజు అంటకుండా సీటు మీద పేపరు పరుచుకుని కూర్చున్నాడు.

గేటు దగ్గర వాచ్‌మన్ అంతా చూస్తున్నాడు. డిటెక్టివ్ నేరుగా వాడి దగ్గరికి పోయాడు.

"నిన్న ఈ బండి ఎన్నింటికి వచ్చింది?"

"ఎనిమిదింపావుకండి."

"సర్వేయర్?"

"పదకొండింటికి."

"మధ్యలో ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదండి."

"చక్రాలు విప్పడానికి ఇరుసు కింద పెట్టిన జాకీ అచ్చులు కాక, బాడీ కింద మట్టిలో ఇంకో రెండు చదరపు అచ్చులున్నాయి. ఎవరూ రాకపోతే జాకీ దానంతటదే నడిచొచ్చిందా?"

వాచ్‌మన్ గేటు వైపు తిరిగాడు. మెకానిక్ భార్య ముందుకొచ్చి నిలబడింది. వాడు ఆమె మొహం వైపు చూడలేకపోయాడు.

"టైల్స్ ఓనరేనండి. పగలని టైల్స్ ఏమన్నా ఉంటే ఏరుకుంటామన్నాడు. ఆయన బండేగా అని వదిలాను. ఎనిమిదీ నలభైకి వచ్చి పదీ పదికి పోయారు. వెంట కమాన్ పట్టీలు వేసే మేస్త్రీ ఉన్నాడు."

"ఏం తీసుకుపోయారు?"

"గోనె సంచిలో పొడుగ్గా ఏదో. ఇద్దరూ చెరో వైపు పట్టుకున్నారు. టైల్స్ అనే అనుకున్నానండి."

"నీ జన్మలో పొడుగ్గా వంగి ఉండే టైల్స్ చూశావా అన్నయ్యా?" అంది ఆమె. వాచ్‌మన్ తల దించుకున్నాడు.

రెండూ యాభైకి డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్‌కు ఫోన్ చేశాడు. ఇన్‌స్పెక్టర్ చెడ్డవాడేం కాదు, తొందరలో ఉన్నాడు. "ఫోటోలూ మరలూ నాకొద్దు. ఆ పట్టీలు తెచ్చి చూపించండి, లేదా తీసినవాణ్ణి తెచ్చి చెప్పించండి. మూడున్నరకు కోర్టు హాల్లోకి పోతాను, ఆ తర్వాత నా ఫోన్ మోగదు. ఐదు దాటితే నా చేతుల్లో ఏమీ ఉండదు."

టైల్స్ దుకాణం చేరేసరికి మూడూ ఇరవై ఐదు. గోడల నిండా నమూనా పలకలు, నేల మీద తెల్లటి పొడి. ఓనర్ బల్ల వెనుక కూర్చుని ఉన్నాడు. యాభై ఏళ్ల మనిషి, ఎర్రబడ్డ కళ్లు. ఏడ్చింది నిజమే. మెకానిక్ భార్యను చూడగానే లేచాడు.

"ఈవిణ్ణి ఎందుకు తెచ్చారండీ ఇక్కడికి? పదకొండేళ్లు నా దగ్గర పనిచేశాడు వాడు. నా ఇంటి మనిషి. మీ ఆయన చేసిన పనికి..."

"కూర్చోండి," అన్నాడు డిటెక్టివ్. "నాలుగు ప్రశ్నలు. నిన్న బండిలో ఎన్ని పెట్టెలు?"

"నూట పది."

"పెట్టె ఎంత బరువు?"

"ఇరవై ఎనిమిది కిలోలు."

"అంటే మూడు టన్నుల పైన. ఆ బండి మొయ్యాల్సింది ఒకటిన్నర."

"అందరూ వేసేదేనండీ. ఒకటిన్నర వేసుకుంటే వ్యాపారం నడవదు."

"నిన్న ఎనిమిదీ నలభై నుంచి పదీ పది దాకా ఎక్కడున్నారు?"

"ఆస్పత్రిలో. శవం దగ్గర."

"శవం దగ్గర కాదు. యార్డులో, బండి దగ్గర. మీ పక్కన కమాన్ మేస్త్రీ ఉన్నాడు. రెండు వైపులా రెండేసి పట్టీలు ఊడదీశారు. గోనె సంచిలో పట్టుకుపోయారు. వాచ్‌మన్ చెప్పాడు. మేస్త్రీని పట్టుకురావడానికి నాకు అరగంట చాలు. మీరు చెబుతారా, వాడి చేత చెప్పించనా?"

ఓనర్ బల్ల మీదున్న టైల్ ముక్కను అటూ ఇటూ జరిపాడు. బయట ఎవరో పెట్టెలు దింపుతున్న చప్పుడు.

"తీయించాను. అదనంగా పట్టీలు వేసిన బండికి ఇన్సూరెన్సు ఇవ్వరని చెప్పారు. ఇవ్వకపోతే వాడి పెళ్లానికి నేనేం పెట్టగలనండీ? దాని కోసమే తీయించాను. అంతకు మించి నేను చేసిన తప్పేం లేదు. పట్టీలకూ బ్రేకులకూ ఏం సంబంధం? నిజానికి బండికి మంచిదనే వేయించాను. ఇదివరకు లోడేస్తే వెనుక కుంగి నేలకు తగిలేది. పట్టీలు వేశాక అంత లోడుకీ చెక్కు చెదరకుండా నిలబడింది. చూడ్డానికే ముచ్చటేసేది."

"ముచ్చటేసేది," అంది మెకానిక్ భార్య. ఆమె గొంతు పెంచలేదు. "మా షెడ్డుకొచ్చి ఎన్నిసార్లు అడిగారు? మా ఆయన ఎన్నిసార్లు చెప్పాడు మీకు? కుంగడం బండికి జబ్బు కాదు, అది కుంగితేనే వెనుక బ్రేకులకు ఆయిల్ పోతుందని చెప్పాడా లేదా?"

"ఏదో వాల్వు అన్నాడు. పని తప్పించుకోవడానికి మెకానిక్కులు సవాలక్ష చెబుతారు."

"ఆ వాల్వే చంపింది నీ మనిషిని," అన్నాడు డిటెక్టివ్. అతన్ని మీరు అనడం అక్కడితో ఆగిపోయింది. "మూడు టన్నులు ఎక్కించావు. బండి కుంగలేదు. వాల్వు ఖాళీ బండి అనుకుంది. వెనుక బ్రేకులు అంతంతమాత్రంగా పట్టాయి. ముందువి కాలిపోయాయి. రెండో మలుపు దగ్గర వాడు పెడల్ తొక్కుతూనే చచ్చిపోయాడు. నువ్వు ముచ్చటగా నిలబెట్టిన బండిలో."

ఓనర్ మొహం కొంచెం కొంచెంగా పాలిపోయింది. ముందు డిటెక్టివ్‌ను చూశాడు, తర్వాత ఆమెను, తర్వాత గోడ గడియారాన్ని. గడియారం మీదే చూపు ఆగిపోయింది.

"పట్టీలు ఎక్కడున్నాయి?" అడిగాడు డిటెక్టివ్.

"కొత్తవండీ. ఇరవై రోజులు కూడా కాలేదు వేసి. పారేయబుద్ధి కాలేదు."

"ఎక్కడ?"

"నాకు ఇంకో పికప్ ఉంది. నిన్న సాయంత్రం దానికి వేయించాను."

"బండెక్కడ?"

"మూడూ పదికి వెళ్లింది. నిన్న పగిలిపోయిన ఆర్డరు ఇవాళ ఇచ్చి తీరాలన్నారు. నూట పది పెట్టెలే. కొండ అవతలికి."

"ఆ దిగుడేనా?"

ఓనర్ తలూపాడు.

"నడిపేది ఎవరు?"

ఓనర్ టైల్ ముక్కను బల్ల అంచు దాకా నెట్టాడు. మెకానిక్ భార్య అతని కాలర్ దాకా చెయ్యి చాచి ఆపుకుంది.

"వాడి తమ్ముడు," అన్నాడు చివరికి. "శవం రేపు గానీ ఇవ్వమన్నారు. ఇంట్లో కూర్చుంటే ఏడుపే కదా అని నేనే పిలిచాను. కాదనలేకపోయాడు."

డిటెక్టివ్ అప్పటికే ఫోన్ తీశాడు. నంబరు చెప్పించుకుని కొట్టాడు. మోగింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ కొట్టాడు.

"ఎత్తడు అన్నయ్యా," అంది ఆమె. "బండి కదిలిందంటే ఫోను డాష్‌బోర్డు పెట్టెలో పెట్టి తాళం వేస్తారు అన్నదమ్ములిద్దరూ. పెద్దోడు పెట్టిన అలవాటు."

పోలీసు కంట్రోల్ రూముకు ఫోన్ చేశాడు. బండి నంబరు రాసుకున్నారు. పెట్రోలింగ్ జీపు ఊరికి ఆ కొసన ఉందని, పంపిస్తామని, లైనులో ఉండమని అన్నారు. ఇన్‌స్పెక్టర్ ఫోన్ మోగలేదు. మూడూ నలభై ఆరు. లోడు బండి కొండపైకి చేరడానికి గంటా పది నిమిషాలు పడుతుందని ఓనరే చెప్పాడు. అంటే నాలుగూ ఇరవైకి దిగుడు మొదలు. తన పికప్ అక్కడికి అరగంటలో పోగలదు, ఎవరూ అడ్డం రాకపోతే.

"నువ్వు ఇతన్ని తీసుకుని కోర్టుకు పో," అన్నాడు డిటెక్టివ్. "ఇప్పుడు చెప్పిందే అక్కడ చెబితే మీ ఆయన ఇవాళే ఇంటికొస్తాడు. బండి వెనక నేను పోతాను."

"మీరు పోయి ఏం చేస్తారు? వెనక నుంచి హారన్ కొడితే వాడు పక్కకు జరిగి దారిస్తాడు, అంత పద్ధతైన పిల్లాడు. మీ మొహం వాడికి తెలియదు. ఒకరు నడపాలి, ఒకరు కిటికీలోంచి కనపడాలి. షెడ్డుకొచ్చినప్పుడల్లా వదినా అని పిలుస్తాడు నన్ను. నన్ను చూస్తే ఆపుతాడు."

"ఐదు దాటిపోతుంది."

"తెలుసు."

"ఈ రాత్రికి ఈయన లాయర్ దగ్గర కూర్చుని మొత్తం మాట మార్చేస్తాడు."

"మారిస్తే మార్చనివ్వండి." ఆమె చొక్కా గుండీ పెట్టుకుంది. "మా ఆయన లోపలున్నా అన్నం తింటాడు, ఊపిరి పీలుస్తాడు. ఆయన్ను తర్వాత తెచ్చుకుంటాను. పదండి."

డిటెక్టివ్ ఓనర్ జబ్బ పట్టుకుని లేపాడు. "నువ్వూ ఎక్కు. మాట మార్చుకోవడానికి నిన్ను ఇక్కడ వదలను. అక్కడ జరిగేది నీ కళ్లతో చూద్దువు గాని."

ముగ్గురూ ఒకే సీట్లో ఇరుక్కుని కూర్చున్నారు. మధ్యలో ఓనర్. నాలుగింటికి కొండ రోడ్డు ఎక్కారు. డిటెక్టివ్ రెండు లారీలను దాటాడు, మూడోదాన్ని మలుపులో దాటబోయి తమాయించుకుని వెనక్కి తగ్గాడు.

"దిగుడు మొదలయ్యాక దొరికినా భయం లేదు అన్నయ్యా," అంది ఆమె. ఎవరికి ధైర్యం చెబుతోందో ఆమెకే తెలియాలి. "హ్యాండ్‌బ్రేకు ఉంది కదా. అది తీగ మీద పనిచేస్తుంది, వాల్వుతో దానికి పనిలేదు. వెనుక చక్రాలను నేరుగా పట్టేస్తుంది. గేరు తగ్గించి హ్యాండ్‌బ్రేకు లాగమని కిటికీలోంచి అరిస్తే చాలు. ఆ మాత్రం తెలుసు వాడికి."

ఓనర్ కదిలాడు. ఏదో గొణిగాడు.

"గట్టిగా చెప్పు," అన్నాడు డిటెక్టివ్.

"హ్యాండ్‌బ్రేకు లేదండీ."

"ఏంటి?"

"పట్టీలు వేశాక వెనుక ఎత్తు పెరిగింది కదా. ఆ తీగ అందలేదు. ఇప్పటికి ఊడదీసి కట్టేస్తాను, తర్వాత పొడుగుది తెచ్చి వేస్తాను అన్నాడు మేస్త్రీ." ఓనర్ తన మోకాళ్ల వైపు చూస్తూ చెప్పాడు. "రెండు బళ్లకూ అంతే. మొదటిదానికి నిన్న యార్డులో పట్టీలు తీసినప్పుడు మళ్లీ తగిలించాం."

నిన్న పొద్దున రెండో మలుపు దగ్గర ఆ డ్రైవర్ ఎడమ చెయ్యి ఏం లాగి ఉంటుందో, లాగితే ఎలా ఊరికే పైకొచ్చి ఉంటుందో డిటెక్టివ్‌కు కళ్లకు కట్టింది. పక్కకు తిరిగి ఓనర్ మొహంలోకి చూశాడు. ఇంకొక్క క్షణం చూసి ఉంటే ఏం చేసేవాడో.

"వాడి వైపు చూడకండి అన్నయ్యా," అంది మెకానిక్ భార్య. "రోడ్డు చూడండి."

చూశాడు. కొండ పైభాగం దాటారు. కింద, మొదటి మలుపుకు రెండు వందల గజాల ఇవతల, తెల్ల పికప్ ఒకటి దిగుతోంది. వెనుక పెట్టెలు బాడీ అంచు దాటి పేర్చి ఉన్నాయి. అంత బరువు కిందా దాని వెనుక భాగం ఖాళీ బండిలా పైకి లేచి, కుంగకుండా ఉంది.

ఆమె నడుము దాకా కిటికీలోంచి బయటికి వంగింది. డిటెక్టివ్ హారన్ మీద అరచెయ్యి నొక్కిపెట్టాడు.

ముందు బండి వెనుక ఎర్రలైట్లు వెలిగాయి. వెలిగినవి ఆరలేదు. బండి వేగం తగ్గలేదు.